నొప్పికి పాఠం సరే, తీరిక ఎవరిస్తారు?

"ఆడవాళ్ళన్నాక నడుం నొప్పి ఉండదుటే?" మా అత్తగారి మాట ఇది. నిష్ఠూరానికి అన్నది కాదు. ఆవిడ నలభై ఏళ్ళు అలాగే ఓర్చుకుంటూ వచ్చారు మరి. రెండేళ్ళుగా నన్ను పట్టుకున్న నొప్పికి ఎక్స్‌రేలు, మాత్రలు, పూతమందులు అన్నీ అయ్యాయి. చివరికి డాక్టరుగారు "ఎముకల్లో ఏమీ లేదమ్మా" అన్నారు. అంటే నొప్పే లేదనా?

కాదు. మూడు నెలలు దాటినా వదలని నొప్పిని దీర్ఘకాలిక నొప్పి అంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో అమల్లోకి తెచ్చిన జబ్బుల వర్గీకరణలో దానికి ప్రత్యేక స్థానమే ఉంది. గాయం మానినా నరాలు అతి సున్నితమై నొప్పిని చెబుతూనే ఉండొచ్చు. అప్పుడు ఒక్క మాత్రతో పనవదు. వ్యాయామం, నిద్ర, దిగులు, పనిచేసే తీరు అన్నీ కలిపి చూడాలి.

ఈ సంగతులు ఇంటర్నెట్లో నేర్పే పద్ధతి కొన్ని దేశాల్లో ఉంది. సిడ్నీలోని మెక్వారీ యూనివర్సిటీ సైకాలజిస్టులు తయారుచేసిన పెయిన్ కోర్సులో ఎనిమిది వారాల్లో ఐదు పాఠాలు చెబుతారు. 2015లో ప్రచురించిన వారి పరిశీలనలో 490 మంది పాల్గొన్నారు. కొందరిని నిపుణులు వారం వారం పలకరించారు, కొందరితో అడిగినప్పుడే మాట్లాడారు, కొందరితో అసలు మాట్లాడలేదు. ముగ్గురికీ దాదాపు ఒకేలా మేలు జరిగింది. నొప్పి మాయం కాలేదు. కొంత తగ్గింది, దిగులూ తగ్గింది.

అలాగని నిపుణులెందుకు అనుకోకండి! ఆ పాఠాలు రాసిందీ, ఎవరికి తగునో ముందుగా విచారించిందీ వాళ్ళే. ఫోన్లో ఎవరో చూపించిన ఆసనం వేరు, ఇది వేరు. కాళ్ళు మొద్దుబారినా, మూత్రం మీద అదుపు తప్పినా పాఠాలతో కూర్చోకుండా వెంటనే ఆస్పత్రికి వెళ్ళాల్సిందే.

నాకు ఒక ఫిజియోథెరపిస్టు రెండు నెలలు వీడియో కాల్‌లో నేర్పింది. బస్సు ఎక్కే బాధ తప్పింది. "నొప్పి వచ్చాక కాదు, రాకముందే ఆగండి. పని ముక్కలు చేసుకోండి" అనేది. నేనేమో నొప్పి కాస్త తగ్గిన ఆదివారం దుప్పట్లు ఉతికి, అటకలు దులిపి, సోమ మంగళవారాలు మంచం పట్టేదాన్ని!

చిక్కంతా ఇక్కడే. ఆస్పత్రికి వెళ్తే ఆ రెండు గంటలైనా మనవి. ఇంట్లో పాఠం వింటుంటే కుక్కర్ విజిల్, తలుపు చప్పుడు, "అమ్మా, నా సాక్సేవీ?" అన్నీ వినాల్సిందే. ఇరవై నిమిషాలకి నేను ఆగితే మిగతా పని ఎవరిది? నా నొప్పికి మందు మా ఇంటి పని పంపకంలో ఉందన్నమాట.

మన దేశంలో 2020 నుంచి ఈ-సంజీవనిలో ఇంటి నుంచే డాక్టరుతో మాట్లాడే వీలొచ్చింది. మంచిదే. కానీ మొండి నొప్పికి ఒక్కసారి సలహా చాలదు. వారాల తరబడి వెంట ఉండే ఫిజియోథెరపిస్టు, సైకాలజిస్టు కావాలి. అదీ తెలుగులో కావాలి. సొంత ఫోను లేని అక్కచెల్లెళ్ళకీ అందాలి.

ఇప్పుడు మా ఇంట్లో కూరలు తరగడం ఆయన వంతు, బట్టలు ఆరేయడం పిల్లల వంతు. నొప్పి పూర్తిగా పోలేదు గానీ మంచం పట్టే రోజులు తగ్గాయి. మొన్న మా అత్తగారు కుర్చీ జరుపుకుని నా పక్కన కూర్చుని, "ఆ పిల్లని నా మోకాళ్ళ సంగతి కూడా అడుగు" అన్నారు.