ఎవరి అడ్వాన్సు, ఎవరి సుగ్గి?

నల్లరేగడి (వారం వారం)
– హగరి

కన్నడంలో సుగ్గి అంటే కోతల పండగ. బళ్ళారి హద్దు దాటి ఆలూరు, ఆదోని, ఎమ్మిగనూరు పల్లెల్లోకి వచ్చేసరికి ఆ మాట అర్థం మారిపోయింది. మా దగ్గర సుగ్గికి పోవడమంటే ఇంటికి తాళమేసి, ముసలోళ్ళను అరుగు మీద వదిలి, బియ్యం మూట, సత్తు గిన్నెలు, చంటిపిల్లలతో సహా బండెక్కి గుంటూరు మిరప చేలకు పోవడం. హొళగుంద, హాలహర్వి, ఆస్పరి మండలాల్లో వీధులకు వీధులే ఖాళీ అవుతాయి. బళ్ళో హాజరు పట్టీ తిరగేస్తే చాలు, ఏ ఊరు ఎంత పోయిందో తెలిసిపోతుంది.

బండి కదలడానికి చాలా ముందే ఈ ప్రయాణం మొదలవుతుంది. మేస్త్రీ వస్తాడు. ఇంటికి ఎన్ని చేతులున్నాయో లెక్కేసుకుని అడ్వాన్సు ఇచ్చిపోతాడు. ఆ డబ్బు షావుకారు బాకీకో, బిడ్డ పెళ్ళి అప్పుకో ఆ రోజే జమైపోతుంది. మిగిలేది మాట ఒక్కటే.

ఒకసారి అట్లా పోయి తిరిగొచ్చిన ఒకామె మా వీధి మొదట్లో కూర్చుని చేతులు చూపించింది. మిరప ఘాటుకు వేళ్ళ కొసల్లో తోలు పొరలు పొరలుగా లేచిపోయింది. అన్నం కలుపుకుంటే మంట, బిడ్డ మొహం కడిగితే బిడ్డకు మంట. ‘‘పక్క చేన్లో కిలోకు ఇంకో రూపాయి ఎక్కువ ఇస్తామన్నారంట గదా, ఆడికి పోకూడదా?’’ అన్నాను. తిక్కోణ్ణి చూసినట్టు చూసింది. ‘‘అట్లెట్ల పోతామన్నా? అడ్వాన్సు యాడ తీసుకుంటే ఆ చేనికే పోవాల గదా!’’

ఆమె చెప్పింది మిరప చేను గురించే. నాకు మాత్రం అసెంబ్లీ గుర్తుకొచ్చింది.

ఎన్నికల ముందు రాత్రి మా పల్లెల్లో జరిగేది కొత్తగా చెప్పాల్సిన పని లేదు. ఓటర్ల జాబితా జిరాక్సు, చెవి మీద పెన్సిలు, జేబులో రబ్బరు బ్యాండు వేసిన కట్టలు. ఇంటి ముందు నిలబడి ‘‘మీవి ఎన్ని ఓట్లప్పా?’’ అని అడిగి, పేరు పక్కన టిక్కు పెట్టి, నోట్లు లెక్కేసి చేతిలో పెడతారు. బెంగళూరులో బేల్దారి పనికి పోయినవాళ్ళకు రానూపోనూ చార్జీలు వేరే. కాసేపటికి రెండో పార్టీవాళ్ళు అదే జాబితాతో వస్తారు. వాళ్ళ టిక్కు వాళ్ళదే.

ఇప్పుడు చట్టం లెక్క చూద్దాం. 2022 జనవరి నుంచి మన రాష్ట్రంలో అసెంబ్లీ అభ్యర్థి ఖర్చుకు పరిమితి 40 లక్షల రూపాయలు. ఆలూరు నియోజకవర్గంలో రెండు లక్షలకు పైగా ఓటర్లున్నారు. అంటే తలకు 20 రూపాయలు దాటకూడదు. రెండు టీల ఖర్చు. జీపులు, మైకులు, జెండాలు, భోజనాలు అన్నీ ఆ రెండు టీలలోనే సర్దుకోవాలి. యాభై వేల మందికి తలా రెండు వేలు పంచితే పది కోట్లు. ఎమ్మెల్యే జీతం, అలవెన్సులు పైసా తాకకుండా ఐదేళ్ళు దాచుకున్నా ఆ మొత్తం దరిదాపుల్లోకి రాదు. మరి ఆ పది కోట్లు ఎవరివి? ఇచ్చినవాడు ఏం చూసి ఇచ్చాడు?

ఇక్కడ పట్నం పెద్దమనుషులు ఒక తీర్పు సిద్ధంగా ఉంచుకుంటారు. ‘‘జనం అమ్ముడుపోయినారప్పా, నాయకులను అని ఏం లాభం?’’ నేను ఒప్పుకోను. రెండు పార్టీల దగ్గరా తీసుకుని తనకు నచ్చిన గుర్తుకు ఓటేసి వచ్చేవాళ్ళు మా ఊళ్ళల్లో కొల్లలు. కోట్లు కుమ్మరించి ఓడిపోయినవాళ్ళూ తక్కువేం కాదు. డబ్బుతో ఓటును నమ్మకంగా కొనలేమని పంచేవాడికీ తెలుసు. అయినా పంచుతాడు. ఎందుకంటే ఆ డబ్బు కొనేది పోటీని. పది కోట్లు తేలేనివాడు టికెట్టు అడగడానికే జంకుతాడు. బడిపంతులు, చిన్న రైతు, కూలీల సంఘం మనిషి ఆ గడప దగ్గరే ఆగిపోతారు. ఓటరు చేతికి జాబితా వచ్చేసరికి అందులో అడ్వాన్సు తెచ్చుకోగలిగినవాళ్ళే మిగిలి ఉంటారు.

ఎన్నికల్లో ఎవరికి అండగా నిలిచాం అన్నది గెలిచిన తర్వాత లెక్కకు వస్తుందన్న భయం మన పడమటి కర్నూలుకు కొత్త కాదు. దేశంలో న్యాయవిద్య చదివే పిల్లలు ఇప్పటికీ చదువుకునే ఒక తీర్పు మన బస్సు రోడ్ల మీద పుట్టింది. 1962 మార్చిలో నీలం సంజీవరెడ్డి రెండోసారి ముఖ్యమంత్రి అయ్యారు. ఆయన గెలిచింది అప్పట్లో మన జిల్లాలోనే ఉన్న డోన్ నుంచి. అప్పట్లో ప్రైవేటు బస్సు మార్గాలను ఒక్కో జిల్లాలో ఆర్టీసీ పరం చేస్తూ వస్తున్నారు. ఏ జిల్లా ముందు, ఏ జిల్లా వెనక అని ఒక కమిటీ వరస చెప్పి ఉంది. ఉన్నట్టుండి ఆ వరసను పక్కనపెట్టి కర్నూలు జిల్లా పడమటి భాగాన్ని ముందుకు లాగారు.

ఈ పక్క బస్సు యజమానులు కోర్టుకెక్కారు. ఎన్నికల్లో తమ వర్గం ముఖ్యమంత్రికి ఎదురు పనిచేసిందని, ఆ కక్షతోనే తమ మార్గాల మీద పడ్డారని వాళ్ళ ఆరోపణ. కేసు సుప్రీంకోర్టు దాకా పోయింది. ఆరోపణ నేరుగా తన మీదే ఉన్నా ముఖ్యమంత్రి దాన్ని ఖండిస్తూ అఫిడవిట్ వేయలేదు. జవాబు లేని ఆరోపణను కాదనడానికి కోర్టుకు ఆధారం లేకపోయింది. 1964 జనవరిలో ఆ పథకాన్ని కొట్టేసింది. రాజీనామా చేయమని కోర్టు అనలేదు. అయినా ఫిబ్రవరిలో సంజీవరెడ్డి పదవి వదిలేశారు. ఆ మనిషే 1977లో రాష్ట్రపతి అయ్యారు.

ఆ కాలం బంగారమని చెప్పడానికి ఈ కథ ఎత్తుకోలేదు. బంగారమే అయితే ఆ కేసే పుట్టేది కాదు. ఆనాడు బస్సు యజమానికి వచ్చిన అనుమానం ఈనాడు కాంట్రాక్టరుకు ఎట్లా తీరుతుందో చూడండి. మార్గాలు మార్చాల్సిన పని లేదు, జీవోలు అక్కర్లేదు. ప్రభుత్వం మారగానే ఒకరి బిల్లులు ఆగుతాయి, ఇంకొకరివి కదులుతాయి. అఫిడవిట్ వేయాల్సినంత దాకా వ్యవహారం రాదు. ఒకప్పుడు కక్ష కనీసం కాగితం మీద కనపడేది. ఇప్పుడు అది ఫైలు వేగంలో ఉంది.

రెండో కథ కూడా మన గడప లోపలిదే. 1993 జులై 28న లోక్‌సభలో పి.వి. నరసింహారావు ప్రభుత్వం మీద పెట్టిన అవిశ్వాస తీర్మానం ఓటింగుకు వచ్చింది. అప్పుడు ఆయన నంద్యాల ఎంపీ. నంద్యాల అప్పటికి మన కర్నూలు జిల్లాదే. తీర్మానానికి 251 ఓట్లు, వ్యతిరేకంగా 265. ప్రభుత్వం బతికింది. ఆ గెలుపు కోసం జార్ఖండ్ ముక్తి మోర్చా ఎంపీలకు డబ్బు ముట్టిందని కేసు నడిచింది. కింది కోర్టు 2000లో పీవీకి శిక్ష వేస్తే, 2002లో ఢిల్లీ హైకోర్టు ఆయన్ను నిర్దోషి అంది. ఆ మనిషి విషయం అక్కడితో ముగిసింది. ఆయన పేరు మీద నడిచిన కేసులో పుట్టిన న్యాయం మాత్రం దేశాన్ని పాతికేళ్ళు పట్టుకుని వదల్లేదు. లంచం తీసుకుని సభలో ఆ ప్రకారమే ఓటేసిన ఎంపీకి రాజ్యాంగ రక్షణ ఉందని 1998లో సుప్రీంకోర్టు 3–2 తేడాతో తేల్చింది. తీసుకుని మాట తప్పినవాడికేమో ఆ రక్షణ లేదు! మా సుగ్గి మేస్త్రీలు విని ఉంటే సంతోషపడేవాళ్ళు. అడ్వాన్సు తీసుకున్న చేనికే పోవాలని దేశంలోకెల్లా పెద్ద కోర్టు చెప్పినట్టయింది. 2024 మార్చి 4న ఏడుగురు న్యాయమూర్తులు సీతా సోరెన్ కేసులో ఏకగ్రీవంగా ఆ తీర్పును తీసేశారు. ఓటేసినా, వేయకపోయినా, లంచం పుచ్చుకున్న క్షణంలోనే నేరం పూర్తయిందన్నారు.

సంతోషమే. కానీ చట్టసభలో ఒక్క ఓటుకు ముట్టిన డబ్బును పట్టుకోవడం నేర్చుకున్న చట్టం, ఐదేళ్ళ కాపురానికి ముందే ముట్టిన డబ్బును ఏమనాలో ఇంకా నేర్చుకోలేదు.

కర్నూలు పక్కన పెద్దపాడులో పుట్టిన దామోదరం సంజీవయ్య ముఖ్యమంత్రిగా ఉండగా, 1961లో మన రాష్ట్రానికి అవినీతి నిరోధక శాఖ ఏర్పడింది. ఏసీబీ వల ఎట్లా పడుతుందో పేపర్లో చూస్తూనే ఉంటాం. పొడి పూసిన నోట్లు పట్టుకున్న ఉద్యోగి చేతులను గాజు గ్లాసులో ముంచితే నీళ్ళు గులాబీ రంగుకు తిరుగుతాయి. పాసుపుస్తకం కోసం ఐదు వేలు అడిగినవాడి వేళ్ళకు ఆ పరీక్ష ఉంది. పార్టీకి చెక్కు రాసి రసీదు తీసుకున్నవాడి వేళ్ళకు ఏ పరీక్షా లేదు. అది లంచం కాదు, విరాళం.

ఎంత విరాళం? ఎన్నికల బాండ్ల పథకం రాజ్యాంగ విరుద్ధమని 2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు కొట్టేసి, లెక్కలు బయటపెట్టించింది. 2019 ఏప్రిల్ నుంచి లెక్క చూస్తే బీఆర్ఎస్‌కు 1,200 కోట్లకు పైగా, వైఎస్సార్‌సీపీకి 337 కోట్లు, తెలుగుదేశానికి దాదాపు 219 కోట్లు. బాండ్లు కొన్న కంపెనీల్లో దేశం మొత్తం మీద రెండో స్థానం హైదరాబాదులోని మేఘా ఇంజనీరింగ్‌ది, 966 కోట్లు. ప్రాజెక్టులు కట్టే కంపెనీ అది. కొన్నప్పుడు అవన్నీ చట్టం ఒప్పుకున్న కొనుగోళ్ళే. ఏ బాండుకు ఏ పని దక్కిందని నేను అనబోవడం లేదు, అనడానికి ఆధారం కావాలి. అడిగేది ఒక్కటే: ప్రభుత్వం నుంచి పనులు తీసుకునేవాళ్ళు పార్టీలకు ఏమిచ్చారో ఐదారేళ్ళు ఓటరుకు తెలియకుండా దాచిందెవరు? మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సు ఊరంతటికీ తెలుస్తుంది. ఇది కోర్టు కొరడా తీస్తేనే తెలిసింది.

ఖర్చు పరిమితికి పడిన చిల్లి మరీ పాతది. అభ్యర్థి కోసం పార్టీ పెట్టిన ఖర్చు కూడా అభ్యర్థి ఖర్చులోనే రాయాలని 1974లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ ఏడాదే చట్టం మార్చేశారు. అప్పటి నుంచి అభ్యర్థికి కంచె, పార్టీకి బీడు. 40 లక్షల పరిమితి ఎందుకు నవ్వులాటగా మిగిలిందో ఆ సవరణలో ఉంది. పార్టీ ఖర్చుకూ హద్దు పెట్టాలి. వచ్చిన విరాళాన్ని ఎన్నికలయ్యాక ఎప్పుడో కాకుండా పోలింగుకు ముందే పేర్లతో ప్రకటించాలి. ప్రభుత్వ పనులు చేస్తున్న కంపెనీలు పార్టీలకు డబ్బివ్వడం ఆపాలి. ఈ మూడూ చేయనంతకాలం మిగతా సంస్కరణలు గోడకు సున్నమే.

దీనివల్ల ఆలూరుకు ఏం పోయిందని అడిగేవాళ్ళుంటారు. హగరి నది మా పక్కనుంచే పోతుంది. ఆ నీళ్ళను గూళ్యం దగ్గర ఎత్తి మా మెట్ట చేలకు పారించే వేదావతి పథకం మాట ప్రతి ఎన్నికలోనూ వస్తుంది. పథకం ఇంకా పూర్తికాలేదు. ఆ నీళ్ళే వస్తే సుగ్గి బండి సగం ఖాళీగా పోతుంది. పని ఎందుకు ఆగిందని కాంట్రాక్టరును, ప్రభుత్వాన్ని నిలబెట్టి అడగాల్సినవాడు మా ఎమ్మెల్యే, ఏ పార్టీవాడైనా సరే. కానీ అడిగే గొంతు అప్పుల్లో ఉంటే అది అసెంబ్లీలో ఎంత పైకి లేస్తుంది?

చివరగా ఒక చిన్న సంగతి. ఫలితం వచ్చిన 30 రోజుల్లో ప్రతి అభ్యర్థీ తన ఖర్చు లెక్క జిల్లా ఎన్నికల అధికారికి ఇవ్వాలి. ఆ లెక్కను ఎవరైనా చూడొచ్చు. 1961 నాటి ఎన్నికల నిబంధనల్లో దానికి రుసుము రాసి ఉంది: ఒక్క రూపాయి. కర్నూలు కలెక్టరేటుకు బస్సెక్కి పోయి, ఆ రూపాయి కట్టి, మన ఊరికి వచ్చిన జీపుల లెక్క, మన ఊళ్ళో పెట్టిన భోజనాల లెక్క అందులో ఎంత రాశారో చూసుకోవచ్చు. రాత్రిపూట ఇంటింటికీ తిరిగిన కట్టలు అందులో ఉండవు, తెలిసిందే. కానీ మనం కళ్ళారా చూసిన సభకు, కాగితంలో రాసిన సభకు మధ్య ఎంత దూరముందో కొలవడానికి ఆ రూపాయి చాలు.

ఈ మాట మిరప చేల నుంచి తిరిగొచ్చిన ఆమెకు చెప్పాను. ఆమె నవ్వింది. ‘‘మేస్త్రీ పుస్తకంలో నా పేరు ముందర ఎంత రాసుకున్నాడో యాడాదికోసారి నేనే పోయి చూసుకుంటానన్నా. లేకపోతే లేని బాకీ ఎక్కిస్తాడు.’’

చదువు రాని మనిషి తన పేరున్న పుస్తకం తెరిపించి చూసుకుంటోంది. మన పేర్లున్న పుస్తకం కర్నూలులో ఉంది.