బూజు అన్నవారు పరీక్ష చీటీ చూపాలి

వేరుశనగ యార్డుకు చేరగానే వ్యాపారి గుప్పెడు కాయలు తీసి నలుపుతాడు, పప్పును ముక్కు దగ్గర పెట్టుకుంటాడు. "బూజు పట్టింది" అన్న ఒక్క మాటతో క్వింటాలు ధర పడిపోతుంది. ఆ మాట కాదనడానికి రైతు దగ్గర ఆధారం లేదు. నిజమని చూపడానికి వ్యాపారి దగ్గరా లేదు. అయినా నష్టం మాత్రం ఎప్పుడూ రైతుదే.

బూజు సమస్యే లేదని మనం వాదించడం లేదు. ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ అనే బూజు అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని తయారుచేస్తుంది. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్ళు చనిపోతే, కారణం బ్రెజిల్ నుంచి వచ్చిన వేరుశనగ చెక్కలో దొరికింది. అఫ్లాటాక్సిన్ మనుషుల్లో కాలేయ క్యాన్సర్ తెస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం తేల్చింది. విషమున్న చెక్క గేదె తింటే దాని ఛాయ పాలలోకి వస్తుంది. ఆ పాలు తాగేది మన పిల్లలే. కాబట్టి పరీక్ష ముందుగా మనకే అవసరం.

ఈ విషాన్ని పట్టడానికి థిన్ లేయర్ క్రోమటోగ్రఫీ అనే పద్ధతి దశాబ్దాలుగా వాడుకలో ఉంది. పేరు పెద్దదే కానీ పని సులువుగానే అర్థమవుతుంది. పప్పును పొడి చేసి, మిథనాల్ వంటి ద్రావకంతో అందులోని విషాన్ని బయటకు లాగి, శుభ్రం చేస్తారు. సిలికా జెల్ పలుచగా పూసిన గాజు పలక అడుగుభాగాన ఆ రసం చుక్క పెడతారు. పక్కనే తెలిసిన మోతాదులో అసలు అఫ్లాటాక్సిన్ చుక్కలూ పెడతారు. పలక అంచును క్లోరోఫాం, అసిటోన్ కలిపిన ద్రావకంలో నిలబెడితే, ప్రమిదలో ఒత్తి నూనె పీల్చుకున్నట్టు పూత దాన్ని పైకి పీల్చుకుంటుంది. దాంతోపాటు చుక్కలోని పదార్థాలూ కదులుతాయి. పూతను గట్టిగా పట్టుకునేది కిందే ఆగిపోతుంది, వదులుగా ఉండేది పైకి పోతుంది. అలా కలిసి ఉన్నవి విడిపోతాయి. పలకను ఆరబెట్టి చీకట్లో అతినీలలోహిత దీపం కింద పెడితే అఫ్లాటాక్సిన్ మచ్చలు మెరుస్తాయి. నీలంగా మెరిసినవాటికి బి1, బి2 అని, ఆకుపచ్చగా మెరిసినవాటికి జి1, జి2 అని పేర్లు ఆ రంగుల ఆంగ్ల అక్షరాల నుంచే వచ్చాయి. తెలిసిన మచ్చల మెరుపుతో పోల్చి ఎంత ఉందో లెక్కకడతారు.

అంత సూక్ష్మమైన లెక్కను కంటితో తేల్చడం ఎవరి తరమూ కాదు. శుద్ధి చేయాల్సిన వేరుశనగకు అంతర్జాతీయ కోడెక్స్ పరిమితి కిలోకు 15 మైక్రోగ్రాములు. అంటే పది టన్నుల లారీ సరుకులో 150 మిల్లీగ్రాములు, చిటికెడు కూడా కాదు. నేరుగా తినే పప్పుకు ఐరోపా పరిమితి కిలోకు 4 మైక్రోగ్రాములే. బూజు కనిపించిన కాయలో విషం లేకపోవచ్చు. నిగనిగలాడే పప్పులో ఉండనూవచ్చు.

ఇంకో చిక్కు ఉంది. విషం బస్తా అంతా సమంగా ఉండదు. వేల గింజల్లో కొన్నింటిలోనే ఉంటుంది. అందుకే కోడెక్స్ 20 కిలోల నమూనా తీయమంటోంది. ఒక బస్తాలోంచి తీసిన గుప్పెడుతో చేసిన పరీక్ష ఎంత మంచి ప్రయోగశాలలో జరిగినా న్యాయమైన తీర్పు కాదు.

మన వైపు చేయాల్సినవీ ఉన్నాయి. పంట చివర బెట్ట వస్తే గింజలోకి బూజు చేరడం ఎక్కువ. వీలుంటే ఆ దశలో ఒక తడి ఇవ్వాలి. పీకిన చెట్లను కాయలు పైకి ఉండేలా పరిచి ఆరబెట్టాలి. పుచ్చు, పగిలిన కాయలు ఏరేయాలి. ఒలిచేటప్పుడు పప్పు పగలకుండా ఉండాలని కాయలపై నీళ్ళు చల్లే అలవాటు మానాలి. ఆ తడే బూజుకు ఊపిరి. ఏరేసిన పప్పును పశువులకు పెట్టడం, నూనె గానుగకు అమ్మడం కూడా తప్పే.

ప్రభుత్వాన్ని, మార్కెట్ కమిటీలను మనం అడిగేది నాలుగే. ఒకటి, వేరుశనగ ఎక్కువగా వచ్చే ప్రతి యార్డుకూ అందుబాటులో అఫ్లాటాక్సిన్ పరీక్ష ఉండాలి. ఇది చెట్టు కింద చేసే పని కాదు. క్లోరోఫాం ఆవిరి ప్రమాదం, శిక్షణ పొందిన మనిషి, గాలి బయటకు లాగే ఏర్పాటు ఉండాలి. అయినా ఖరీదైన యంత్రాలతో పోలిస్తే ఖర్చు చాలా తక్కువ, ఒకే పలకపై అనేక నమూనాలు చూడవచ్చు. రెండు, నమూనా రైతు ఎదుటే, అనేక బస్తాల నుంచి తీయాలి. మూడు, అదే నమూనాలో ఒక భాగం సీలు వేసి రైతుకివ్వాలి. ఫలితం నచ్చకపోతే మరోచోట పరీక్ష చేయించుకునే హక్కు ఉండాలి. నాలుగు, అంకె రాసిన చీటీ లేకుండా బూజు పేరుతో పైసా కూడా కోయకూడదు.

బరువు దగ్గర కంటిచూపును నమ్మం, కాటా అడుగుతాం. నాణ్యత దగ్గర మాత్రం ముక్కును ఎందుకు నమ్మాలి? ఈసారి యార్డులో ఎవరైనా బూజు అంటే, గొడవ పడకుండా ఒక్క మాట అడగండి: "చీటీ ఏది?" ఒక్కరు అడిగితే నవ్వి ఊరుకుంటారు. వరుసలో ఉన్న అందరం అడిగితే పరీక్ష పెట్టక తప్పదు.