పాలపళ్ళే గదా అనే బహానా

"పాలపళ్ళే గదా భాయ్, ఎట్లాగూ ఊడిపోతాయి."

మన ఇళ్ళల్లో పిల్లల పళ్ళ మీద బహస్ ఈ ఒక్క మాటతో ఖతం. దాదీ అంటుంది, అబ్బా తలూపుతాడు, అమ్మీ లవంగం నూనె అద్ది పడుకోబెడుతుంది. ఇది ఆలోచించి చేసిన ఫైసలా కాదు, బహానా. అది కూడా అబద్ధపు బహానా.

ముందు పళ్ళు ఆరేడేళ్ళకు ఊడతాయి, నిజమే. దవడల్లో ఉండే పాలపళ్ళు మాత్రం పది, పన్నెండేళ్ళ దాకా నోట్లో ఉండాల్సినవి. నాలుగేళ్ళ నాలుగు నెలల నాలుగు రోజులకు బిస్మిల్లా చేయించే నాటికే బిడ్డ దవడ పన్ను పుచ్చిపోయి ఉంటే, ఇంకో ఆరేడేళ్ళు ఆ పన్నుతోనే నమలాలి, ఆ నొప్పితోనే సబఖ్ యాద్ చేయాలి. మనకు ఒక్క రాత్రి పన్ను సలిపితే ఇల్లు పీకి పందిరేస్తాం.

పోనీ పీకించేద్దామా? వేళకు ముందే పీకిస్తే పక్క పళ్ళు ఆ ఖాళీలోకి ఒరుగుతాయి. తర్వాత వచ్చే అసలు పన్నుకు జాగా ఉండదు. ఇంకో సంగతి. ఆరేళ్ళ వయసులో పాలపళ్ళ వెనకాల, పైనా కిందా రెండు వైపులా, ఒక్కో పెద్ద దవడ పన్ను వస్తుంది. ఏ పన్నూ ఊడకుండానే వస్తుంది కాబట్టి ఇంట్లో ఎవరికీ ఖబర్ ఉండదు. చూసినా దాన్నీ పాలపన్నే అనుకుంటారు. ఖబరస్తాన్ దాకా తోడు రావలసిన పన్ను అది. "ఊడిపోతుందిలే" అని వదిలేసిన వాటిలో అదీ కలిసిపోతుంది.

మిస్వాక్ సున్నత్ గురించి మనకు ఎవరూ చెప్పక్కర్లేదు. నోటి తహారత్‌ను ప్రవక్త (స) ఎంత ఇష్టపడ్డారో ప్రతి జుమాకూ వింటూనే ఉంటాం. అబ్బా జేబులో మిస్వాక్ ఉంటుంది. బిడ్డ ఏడుపు మాన్పించే టాఫీ కూడా ఆ జేబులోంచే వస్తుంది! రాత్రి పాలసీసాలో చక్కెర కలిపి, కొన్ని ఇళ్ళల్లో ఏకంగా చాయ్ పోసి, నోట్లో పెట్టి నిద్రపుచ్చుతారు. నిద్రలో లాలాజలం తగ్గుతుంది. ఆ తీపి తెల్లారేదాకా పళ్ళను తింటూనే ఉంటుంది. ఇక దావత్ అయ్యాక పిల్లల చేతికి మీఠా సుపారీ పొట్లం ఇవ్వడం మరీ ఘోరం. వక్క క్యాన్సర్ తెస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2004లోనే ప్రకటించింది.

జిగురు టాఫీ పళ్ళకు దుష్మన్ అన్న ఇల్మ్ కూడా ఊరికే రాలేదు. 1940లలో స్వీడన్‌లోని వీపేహోల్మ్ అనే సంస్థలో, మానసిక వైకల్యం ఉన్న మనుషులకు వాళ్ళ ఇజాజత్ లేకుండా టాఫీలు తినిపించి పళ్ళు ఎట్లా పుచ్చుతాయో లెక్కలు రాసుకున్నారు. ఎంత తీపి తిన్నారనే దానికంటే, భోజనాల మధ్య ఎన్నిసార్లు తిన్నారన్నదే ముఖ్యమని తేలింది. ఆ మజ్‌లూమ్‌ల పళ్ళతో ఖీమత్ కట్టిన సంగతిని మనం ముఫ్త్‌గా తెలుసుకుని కూడా అమలు చేయం.

"పిల్లలకు సూది, మెషీన్ అంటే భయం, ఖర్చు కూడా ఎక్కువ" అనేది రెండో బహానా. ఇదీ పాతబడిపోయింది. నోర్నా హాల్ అనే స్కాట్లండ్ డెంటిస్ట్ సూది లేకుండా, పుచ్చును తొలవకుండా, పాలపన్ను మీద స్టీలు టోపీ తొడిగి పుచ్చును లోపలే బంద్ చేసేది. దాన్ని 132 మంది పిల్లల మీద పరీక్షించారు, ఒక్కొక్కరికి ఒక పన్ను ఆ పద్ధతిలో, ఇంకో పన్ను మామూలు ఫిల్లింగ్‌తో. 2007లో వచ్చిన ఫలితాల ప్రకారం రెండేళ్ళలో చీము, నరం నొప్పి లాంటి పెద్ద తక్‌లీఫ్ మామూలు పళ్ళలో 15 శాతానికి వస్తే, టోపీ పళ్ళలో 2 శాతానికే వచ్చింది. సిల్వర్ డయమిన్ ఫ్లోరైడ్ అనే దవా ఇంకా సులువు. బ్రష్‌తో చుక్క అద్దితే చాలా పుచ్చులు అక్కడే ఆగిపోతాయి. 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని అత్యవసర మందుల జాబితాలో చేర్చింది. చీము పట్టాక ఇవి రెండూ పనికిరావు, అందుకే జల్దీ వెళ్ళాలి.

ఆ దవా అద్దిన పుచ్చు నల్లగా మారుతుంది. ఇక్కడ చూడాలి మన తమాషా. ఊడిపోయే పన్నుకు ఇలాజ్ దేనికి అన్నవాళ్ళే, ఊడిపోయే పన్ను నల్లబడితే పిల్ల మొహం ఏం కావాలి అంటారు! డాక్టర్ సాబ్‌లూ తక్కువేం కాదు. చాలా క్లినిక్‌లలో పాలపన్నుకు రూట్ కెనాల్ ధర చెబుతారు గానీ, ఈ సస్తా దారి ఉందని నోరు విప్పరు. అడగండి. అడగడం మన హఖ్.

ఫ్లోరైడ్ అనగానే నల్గొండ గుర్తొచ్చి భయపడే వాళ్ళున్నారు. ఆ భయం వెనక నిజమైన దుఃఖం ఉంది, ఎగతాళి చేయను. అక్కడ తరాల తరబడి తాగిన బోరునీళ్ళు ఎముకలు వంచాయి. మూడేళ్ళలోపు బిడ్డ బ్రష్ మీద పెట్టే బియ్యపు గింజంత పేస్టు వేరు. పేస్టు ఉమ్మేయడం నేర్పించండి, ట్యూబు చేతికి ఇవ్వకండి.

ఇక మన ఖౌమ్ పెద్దలకు ఒక మాట. సర్కారు వారి రాష్ట్రీయ బాల్ స్వాస్థ్య కార్యక్రమం 2013 నుంచి ఉంది. పిల్లల్లో చూడాల్సిన జబ్బుల్లో పళ్ళ జబ్బులూ ఉన్నాయి. ఆ బృందాలు వెళ్ళేది అంగన్‌వాడీలకు, ప్రభుత్వ, ఎయిడెడ్ బడులకు. ఎయిడ్ లేని మదరసాలో హిఫ్జ్ చేసే పిల్లాడు ఆ లెక్కలో లేడు. గల్లీలో చిన్న ఇంగ్లిష్ మీడియం స్కూలుకు వెళ్ళే పిల్లా లేదు. మరి వాళ్ళ నోరు ఎవరు తెరిచి చూస్తారు? జల్సాలకు షామియానా వేసే కమిటీకి ఏడాదికి ఒక రోజు మస్జిద్ వరండాలో పది కుర్చీలు వేయడం భారం కాదు. నాజిమ్ సాబ్ ఒక దర్ఖాస్తు రాసి దగ్గరి ప్రభుత్వ ఆసుపత్రికో, డెంటల్ కాలేజీ పిల్లల విభాగానికో తీసుకెళ్ళాలి. హైదరాబాద్ వాళ్ళకైతే ప్రభుత్వ డెంటల్ కాలేజీ అఫ్జల్‌గంజ్‌లోనే ఉంది. రంజాన్‌లో అందరూ బిజీ, షాబాన్ లోపే వెళ్ళండి.