కత్తి లాక్కోవడం మూడు రోజుల్లో నేర్పిస్తారట

మాది తమిళ మీడియం చదువు. తెలుగు రాయడం రిటైరయ్యాకే కుదురుగా నేర్చుకున్నాం, తప్పులుంటే మన్నించండి. ఎప్పటిలాగే ఇది కూడా కొంచెం పొడుగే.

సెలవుల్లో మన పిల్లలకు ఆత్మరక్షణ శిబిరం పెట్టాలని మాట నడుస్తోంది. మంచిదే. కానీ గ్రూపులో పెట్టిన వీడియో చూశాక మాకు దిగులు పట్టుకుంది. మాస్టారు వట్టి చేతులతో నిలబడతాడు. ఎదుటివాడు చెక్క కత్తితో ఒక్క పోటు పొడిచి, చెయ్యి చాపి, ఫోటోకి నిలబడ్డట్టు ఆగిపోతాడు. మాస్టారు మణికట్టు పట్టి మెలిపెడతాడు, కత్తి కింద పడుతుంది, అందరూ చప్పట్లు.

నిజంగా పొడిచేవాడు అలా ఆగుతాడా? మేము పార్సిల్ ఆఫీసులో నైట్ డ్యూటీలో ఉండగా ఇద్దరు హమాలీలు కొట్టుకున్నారు. ఒకడి చేతిలో మూటల తాడు కోసే చిన్న కత్తి ఉంది. అది మాకెవరికీ కనపడలేదు. పొడిపించుకున్నవాడికీ తెలియలేదు, గుద్దులే అనుకున్నాడట. చొక్కా తడిసాక చూసుకున్నాడు. ఒక చేత్తో కాలర్ పట్టుకుని, రెండో చేత్తో పొట్టిగా, గబగబా, మళ్ళీ మళ్ళీ పొడిచాడు. పట్టుకోవడానికి ఆ చెయ్యి ఎక్కడా నిలవలేదు.

మొన్న ఇంట్లో ఒక పరీక్ష చేశాం. మా పెద్ద మనవడు కరాటే నేర్చుకుంటున్నాడు. వాడికి తెల్ల బనియన్ తొడిగి, పదేళ్ళ చిన్నవాడి చేతికి ఎర్ర స్కెచ్ పెన్ను ఇచ్చాం. చిన్నవాడికి చెప్పింది ఒక్కటే: ఆగకుండా పొడువు. పెద్దవాడు పెన్ను లాక్కున్నాడు, నిజమే. అప్పటికి బనియన్ మీద పదకొండు గీతలు, చేతుల మీద ఎన్నో లెక్కపెట్టలేదు. ఇంటావిడ బనియన్ పాడైందని మమ్మల్ని తిట్టింది, అది వేరే సంగతి.

అమెరికాలో సాల్ట్ లేక్ సిటీ పోలీసు అధికారి డెనిస్ ట్యూలర్ 1983లో ఒక వ్యాసం రాశాడు. కత్తి ఉన్నవాడు 21 అడుగుల దూరం నుంచి సుమారు ఒకటిన్నర సెకన్లలో మీద పడగలడని ఆయన లెక్క. అది నడుముకు పిస్తోలు ఉన్న పోలీసులకు చేసిన హెచ్చరిక. మన పిల్లల నడుముకు ఏముంది, సెల్‌ఫోన్ తప్ప?

ఇదంతా రాయడానికి అసలు కారణం మా వీధి సాంచా కార్మికుడు. జీతం రోజు రాత్రి షిఫ్టు దిగి వస్తుంటే బండి మీద ఇద్దరు ఆపి కోయితా చూపించి ఫోన్ అడిగారు. ఈ అబ్బాయి ఎక్కడో ఇలాంటి క్లాసుకే వెళ్ళాడు. ఇవ్వకుండా కోయితా పట్టుకున్నాడు. రెండు వేళ్ళ నరాలు తెగాయి. చెరుకు నరికే కోయితా అది, వేళ్ళని చూసి ఆగదు కదా. తెగిన పోగుకి ముడి వేయడానికి వేళ్ళే కావాలని మీకు మేము చెప్పాలా? ఇప్పుడు బాబిన్లు మోస్తున్నాడు. ఫోన్ ఖరీదు ఆరు వేలు.

క్లాసులన్నీ దండగ అనడం లేదు. గోడకు ఆనించి పొడుస్తుంటే, పారిపోయే దారి లేకపోతే, కత్తి ఉన్న చేతిని రెండు చేతులతో పట్టుకుని వదలకపోవడమే మిగిలిన దారి. అది కూడా ఎదురు తిరిగే జోడీతో నెలల తరబడి సాధన చేసినవాడికే కాస్త పనికొస్తుంది. కుస్తీ, జూడో పిల్లలకు ఒళ్ళు గట్టిపరుస్తాయి, పడటం నేర్పిస్తాయి. చిన్నప్పుడు మాకు సిలంబం నేర్పిన ఆసాన్ కర్ర చేతికివ్వక ముందు కాళ్ళు నేర్పాడు. వెనక్కి, పక్కకి, మళ్ళీ వెనక్కి. కర్ర ఉన్నదే ఎదుటివాణ్ణి దూరంగా ఉంచడానికి అనేవాడు. అప్పుడు మాకు విసుగొచ్చేది.

ఇంకొకటి, చట్టం. 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 వరకు సెక్షన్లు ఆత్మరక్షణ హక్కు గురించినవి. హక్కు ఉంది, కానీ కాపాడుకోవడానికి కావలసినంత మేరకే. కత్తి లాక్కుని, పారిపోతున్నవాణ్ణి పొడిస్తే కోర్టు మెట్లు మనమే ఎక్కాలి. ఈ మాట ఆ వీడియోలో లేదు.

అందుకని మా మనవి. శిబిరం పెట్టండి. మొదటి రోజు పరుగు, అరుపు, 112కి ఫోన్ చేయడం. ఫోనో పర్సో అడిగితే దూరంగా విసిరేసి రెండో వైపు పరిగెత్తడం. రక్తం కారుతుంటే బట్టతో గట్టిగా అదిమి పట్టడం. షిఫ్టు దిగిన ఆడపిల్లలు, కార్మికులు గుంపుగా ఇంటికి ఎలా రావాలో కూడా సంఘమే చూడాలి, దానికి మాస్టారు అక్కర్లేదు. కత్తి లాక్కునే విద్య నేర్పే తీరుతామని మాస్టారు పట్టుబడితే ఆదివారం మీటింగుకి రమ్మనండి. తెల్ల బనియన్, స్కెచ్ పెన్ను, మా చిన్న మనవణ్ణి మేమే తీసుకొస్తాం.