బతికించారు సరే, ముసలితనం సంగతేంటి? (14వ భాగం)

2004 ఏప్రిల్ 1న ప్రభుత్వం ఏఆర్‌టీ మందుల్ని ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టింది. ఆ రోజు ముప్పైల్లో ఉన్న మన కూలి తల్లులు, జోగినిలు, లారీ క్లీనర్లలో బతికి బయటపడ్డవాళ్లకి ఇప్పుడు యాభై దాటాయి. ఆ వయసే ఎవరికీ పట్టదు.

వైరస్ అణిగినా లోపల ఇన్‌ఫ్లమేషన్ పూర్తిగా చల్లారదు. గుండెజబ్బు ముప్పు మిగతావాళ్లకంటే దాదాపు రెట్టింపు. పిడికిట్లో పట్టు జారడం, నడక నెమ్మదించడం, ఊరికే చిక్కిపోవడం, వీటన్నిటినీ కలిపి ఫ్రెయిల్టీ అంటారు డాక్టర్లు. మా వాడలో ఒక పెద్దమ్మ నాట్లకి పోలేకపోతే "దానికి ఒళ్లు వంగట్లేదు" అన్నారు. (సోమరితనం ఎప్పుడూ మనకే అంటగడతారు కదా!)

2023లో రిప్రీవ్ ట్రయల్ ఏం చెప్పింది? హెచ్ఐవీ ఉన్న 7,769 మందిలో, రోజుకో పిటావాస్టాటిన్ మాత్ర వేసుకున్నవాళ్లకి గుండెపోటు, పక్షవాతం లాంటివి 35 శాతం తగ్గాయి. ఆ ట్రయల్‌లో మన దేశంవాళ్లూ ఉన్నారు. ప్రయోగానికి ఒళ్లు పనికొచ్చింది. మరి ఆ మాత్ర మా పెద్దమ్మదాకా ఎందుకు రాలేదు?

గుండె డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే ఆయన రిపోర్టు చదివి, స్టెతస్కోప్ కూడా పెట్టకుండా పంపేశాడు. వైద్యంలో ఈ వివక్షని 2017 చట్టం నిషేధించింది. అంటరానితనాన్నీ 1955 చట్టం నేరమనే అంది! మన సంఘాలు ఇకనుంచి ఏఆర్‌టీ సెంటర్లో సీడీ4 లెక్కతో ఆగకుండా కొలెస్ట్రాల్, బీపీ, నడక కూడా చూడమని రాతపూర్వకంగా అడగాలి.