శవం ముందు బేరం వద్దు, కేస్ షీట్ కావాలి
దేవరుప్పుల మండలం నుంచి రోగుల పక్షాన ఒక ప్రణాళిక

జనగామ జిల్లా దేవరుప్పుల మండలంలోని రైతులం, కూలీలం, ఆశా కార్యకర్తలం, రిటైరైన టీచర్లం, ఆసుపత్రిలో మనిషిని పోగొట్టుకున్న ఇళ్లవాళ్లం కలిసి ఈ ప్రణాళిక ప్రకటిస్తున్నాం. మేము ఏ పార్టీకీ చెందినవాళ్లం కాదు, డాక్టర్లకు వ్యతిరేకులం అసలే కాదు. వైద్యంలో జరిగిన తప్పు బయటపడాలి, అది మళ్లీ జరగకూడదు. మేము అడిగేవన్నీ ఈ ఒక్క మాటలో నుంచే వచ్చాయి.

ప్రైవేటు ఆసుపత్రిలో మనిషి చనిపోతే మా వైపు ఏం జరుగుతుందో అందరికీ తెలుసు. శవాన్ని గేటు ముందు పెడతారు. ఊళ్లో నుంచి ట్రాలీ ఆటోల్లో జనం దిగుతారు. అద్దాలు పగులుతాయి, పోలీసులు వస్తారు. పొద్దుగూకేసరికి ఇద్దరు ముగ్గురు పెద్దమనుషులు లోపలి గదిలో కూర్చుంటారు. "పోయిన పానం ఎట్లాగూ రాదు, పిల్లల మొఖం చూసి ఒప్పుకోండ్రి" అంటారు. లక్షల్లో ఒక అంకె తేలుతుంది. మాకు ఎవరి మీదా అనుమానం లేదని రాసిన కాగితం మీద వేలిముద్ర పడుతుంది. పోస్టుమార్టం ఉండదు. మత్తుమందు ఎక్కువైందా, రక్తం పోతున్న సంగతి ఆలస్యంగా చూశారా, పడని మందు ఎక్కించారా అన్నది ఎన్నటికీ తేలదు. మర్నాడు అదే మంచం మీద ఇంకొకరు పడుకుంటారు.

డబ్బు తీసుకున్న కుటుంబాన్ని మేము తప్పుపట్టం. కోర్టుల చుట్టూ తిరిగే శక్తి లేనివాళ్లకు ఆ రాత్రి చేతికందిందే దిక్కు. కానీ ఆ బేరంలో కారణం పూడుకుపోతోంది. నష్టపరిహారం హక్కే. ఎందుకు చనిపోయారో తెలుసుకోవడం అంతకంటే ముందు హక్కు. అందుకని మాలో ఎవరూ రాజీ పంచాయితీలో కూర్చోరు, పైసా వాటా ముట్టరు, ఆసుపత్రి మీద రాయి వేయరు. ఆసుపత్రులపై దాడి 2008 చట్టం ప్రకారం నేరం. చట్టం లేకపోయినా మేము దాన్ని ఒప్పుకోం. రాత్రంతా డ్యూటీ చేసిన నర్సును కొడితే ఏ నిజమూ బయటికి రాదు.

కారణం వెతకకపోతే ఏమవుతుందో మన కళ్ల ముందే ఉంది. 2014 నవంబరులో ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ దగ్గర ఒక క్యాంపులో కొన్ని గంటల్లోనే 83 మంది ఆడవాళ్లకు కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేశారు. 13 మంది చనిపోయారు. ఇలాంటి క్యాంపులను మూడేళ్లలో ఆపేయాలని సుప్రీంకోర్టు 2016లో చెప్పింది. ఆ గడువు 2019లో తీరిపోయింది. 2022 ఆగస్టు 25న రంగారెడ్డి జిల్లా ఇబ్రహీంపట్నం ప్రభుత్వ ఆసుపత్రిలో మళ్లీ క్యాంపు పెట్టారు. ఒక్క రోజే 34 మందికి ఆపరేషన్లు. రోజుల వ్యవధిలో నలుగురు తల్లులు చనిపోయారు, మిగతా 30 మందిని హైదరాబాద్ ఆసుపత్రులకు తరలించారు. ఇన్ఫెక్షన్ రాకుండా తీసుకోవాల్సిన జాగ్రత్తలు తీసుకోలేదని విచారణలో తేలింది. వాళ్లు జబ్బుతో రాలేదు. ఆరోగ్యంగా నడిచి వచ్చారు. బిలాస్‌పూర్ పాఠం ఇక్కడికి చేరి ఉంటే ఆ నలుగురూ బతికి ఉండేవాళ్లు.

మా వరంగల్ ఎంజీఎం ఆసుపత్రి ఐసీయూలో 2022 మార్చిలో రోగిని ఎలుకలు కొరికాయి. సూపరింటెండెంట్‌ను బదిలీ చేశారు, ఇద్దరు డాక్టర్లను సస్పెండ్ చేశారు. బదిలీ ఉత్తర్వు ఎలుక కన్నాన్ని మూయదు. తప్పు చేసింది ఒక చేయి కావచ్చు, దానికి తావిచ్చింది ఏర్పాటు. శిక్ష ఒక్కటే చాలదని, ఏర్పాటు మారాలని మేము గట్టిగా నమ్ముతున్నాం.

కేస్ షీట్ రోగిది. ఇన్‌పేషెంట్ రికార్డులను మూడేళ్లు దాచాలని, రోగి గానీ అతని తరఫు మనిషి గానీ అడిగితే 72 గంటల్లో ఇవ్వాలని మెడికల్ కౌన్సిల్ 2002 నిబంధనలు చెబుతున్నాయి. ఈ సంగతి మా ఊళ్లలో వందలో ఒకరికి కూడా తెలియదు. ఇకమీదట ప్రతి కుటుంబం తరఫునా దరఖాస్తు మేమే రాస్తాం. ప్రైవేటులో తప్పు జరిగితే రెండేళ్లలోపు వినియోగదారుల కమిషన్‌కు పోవచ్చు. అందరికీ ఉచితంగా వైద్యం చేసే ఆసుపత్రులు మాత్రం వినియోగదారుల చట్టం కిందికి రావని సుప్రీంకోర్టు 1995లోనే తేల్చింది. అంటే అందరికంటే పేదవాళ్లకే అడిగే దారి ఇరుకు. కాబట్టి జనగామ జిల్లాలోని ప్రభుత్వ ఆసుపత్రుల్లో అనుమానాస్పదంగా జరిగిన ప్రతి మరణాన్నీ ఆ ఆసుపత్రికి సంబంధం లేని డాక్టర్లతో విచారించాలి. తేలింది ఏమిటో ఆ ఇంటివాళ్లకు తెలుగులో రాసివ్వాలి.

ఆపరేషన్‌కు ముందు రోగి పేరు, ఏ వైపు చేయాలి, ఏ మందు పడదు అని, ముగిశాక లోపల పెట్టిన గుడ్డల లెక్క సరిపోయిందా అని గట్టిగా చదివి సరిచూసుకునే పట్టికను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో ఇచ్చింది. ఎనిమిది నగరాల్లో వాడి చూస్తే ఆపరేషన్ తర్వాతి మరణాలు 1.5 శాతం నుంచి 0.8 శాతానికి తగ్గాయి. ఒక కాగితం, రెండు నిమిషాలు. జనగామలోని చంపక్ హిల్స్ మాతా శిశు ఆసుపత్రి మొదలు చిన్న నర్సింగ్ హోమ్ దాకా దాన్ని ప్రతి ఆపరేషన్‌కూ వాడాలి.

మా ఇళ్ల సంగతి కూడా చెప్పుకోవాలి. జ్వరమొస్తే ఊళ్లో వైద్యం చేసే ఆర్‌ఎంపీ దగ్గరికి పోతాం. సూది వేస్తాడు, గ్లూకోజ్ పెడతాడు, షీటులో నుంచి కత్తిరించిన గోళీలు తెల్ల కవరులో పోసి ఇస్తాడు. కవరు మీద పొద్దున ఒకటి, రాత్రి ఒకటి అని గీతలు తప్ప మందు పేరుండదు. రోగం ముదిరి పెద్దాసుపత్రికి పోతే "ఏం సూది వేసిండ్రు?" అని డ్యూటీ డాక్టర్ అడుగుతాడు. మన దగ్గర జవాబు ఉండదు. స్టెరాయిడా, యాంటీబయాటిక్కా తెలియకుండానే ఆయన వైద్యం మొదలుపెట్టాలి. పేరు రాయని మందు మేము మింగం. రోగిని పంపినందుకు కమీషన్ తీసుకునే ఆర్‌ఎంపీ పేరు, ఇచ్చే ఆసుపత్రి పేరు రుజువులతో మెడికల్ కౌన్సిల్‌కు పంపుతాం.

తెలంగాణలో కాన్పుల్లో 60.7 శాతం పెద్దాపరేషన్లేనని అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. ప్రైవేటులో 81.5 శాతం. ఇందులో ఆసుపత్రుల లాభం ఉంది, ముహూర్తం అడిగే మన పాపమూ ఉంది. అవసరమైన ఆపరేషన్ తల్లినీ బిడ్డనూ కాపాడుతుంది. అవసరం లేని కోత అక్కరలేని ప్రమాదం. మా కోడళ్లకు, బిడ్డలకు ముహూర్తం పెట్టించి కోయించబోమని మాట ఇస్తున్నాం.

తెలంగాణ రైతాంగ పోరాటంలో 1946 జూలై 4న దొడ్డి కొమరయ్య ప్రాణమిచ్చిన కడవెండి మా మండలంలోదే. అడగడానికి భయపడే నేల కాదు ఇది.

ఆసుపత్రి నుంచి వచ్చేటప్పుడు డిశ్చార్జి కాగితం, చీటీలు, స్కాన్ రిపోర్టులు అడిగి తెచ్చుకోండి. ఖాళీ కాగితం మీద సంతకం పెట్టకండి. ఆపరేషన్ ఎందుకో, చేయకపోతే ఏమవుతుందో డాక్టర్‌ను అడగండి. డాక్టర్లూ, నర్సమ్మలూ, మీరు కూడా మాతో రండి. మీ వార్డులో ఏది లేక పొరపాట్లు జరుగుతున్నాయో చెప్పండి. దానికోసం కలెక్టరేట్ ముందు మీ పక్కన మేము కూర్చుంటాం.