కుక్క చూసేది యమదూతలను కాదు, మనల్ని

చిల్పూరు గుట్ట మీది స్వామి బుగులు వేంకటేశ్వరుడు. కుబేరుడి అప్పు తీర్చే దారి కానరాక, బుగులుపడి వచ్చి ఈ గుట్టలో తలదాచుకున్నాడని స్థలపురాణం. మనసులో బుగులున్నవాళ్లు గుట్టెక్కి మొక్కుకుంటారు. మొక్కి దిగొచ్చిన రాత్రే వాడకట్టు కుక్క ఒకటి మోర ఎత్తి ఏడ్చిందంటే పోయిన బుగులు మళ్లీ ఇంట్లో చేరుతుంది. కుక్కకు యమదూతలు కనబడ్డారంటారు. మంచంపట్టిన ముసలామె ఉన్న ఇంట్లోనైతే ఎవరికీ కంటిమీద కునుకు ఉండదు. ఎవరో ఒకరు లేచి చీకట్లోకి రాయి విసురుతారు.

మన పల్లెల్లో ఈ నమ్మకం లేని ఊరు అరుదు. దీన్ని నవ్వి వదిలేయడానికి లేదు. చావుకు దగ్గరైన మనిషి ఆ ఏడుపు వింటుంది, ఇంట్లోవాళ్ల మొహాలు చూస్తుంది, తన పని అయిపోయిందనుకుంటుంది. అంతకన్నా క్రూరమైన మాట ఆ పూట ఆమెకు మరొకటి ఉండదు.

ఆ ఏడుపు కుక్కకు తోడేలు జాతి నుంచి వచ్చిన పిలుపు. దూరాన ఉన్న తోటి కుక్కకు తన జాడ చెప్పాలన్నా, గుంపు నుంచి తప్పిపోయినా, ఒంటరిగా కట్టేసినా, అంబులెన్స్ సైరన్ వినబడినా కుక్క మోర ఎత్తుతుంది. ఒకటి మొదలుపెడితే పక్కవాడ కుక్కలు అందుకుంటాయి. ఏడాది పొడుగునా ఎన్నో రాత్రులు ఇది జరుగుతూనే ఉంటుంది. ఎవరూ చనిపోని రాత్రులను లెక్కపెట్టేవాళ్లు లేరు. తెల్లారి చావు కబురు వస్తే మాత్రం "రాత్రే అనుకున్న" అంటారు. పైగా రోగి పరిస్థితి విషమించిన ఇంట్లో అపరాత్రి లైట్లు వెలుగుతాయి, కొత్త మనుషులు వచ్చిపోతుంటారు, ఏడుపులు వినిపిస్తాయి. ఆ అలజడికి వీధి కుక్కలు స్పందిస్తాయి. ముందు మనుషుల కలవరం, దాని వెనుక కుక్క ఏడుపు. మనం ఆ వరుసను తిరగేసి శకునం చేశాం.

కుక్క కంటికి యముడు ఆనతాడనడానికి ఆధారం లేదు. మనం ఎంత బాగా ఆనతామో తెలుసుకోవడం మాత్రం ఎవరి చేతిలోనైనా ఉంది. వీధి కుక్క ఎదురుగా నేల మీదికి వంగి చూడండి. చేతిలో రాయి ఉండక్కర్లేదు, దగ్గర్లో రాయి లేకపోయినా సరే. నడుము వంగి చెయ్యి నేలవైపు సాగేసరికి అది తోక ముడిచి, చెవులు వెనక్కి వాల్చి, పక్కకు ఒరిగి పరుగు తీస్తుంది. అది చదివింది మన నడుమును, మన భుజాన్ని. ఎన్ని తరాలుగా రాళ్లు తింటే ఆ చదువు అబ్బిందో మనమే ఆలోచించుకోవాలి.

కోల్‌కతాలోని ఐసర్ అనే పరిశోధన సంస్థలో అనిందితా భద్ర బృందం మన దేశపు వీధి కుక్కల మీద ఏళ్ల తరబడి పనిచేస్తోంది. 2020లో ప్రచురించిన ఒక అధ్యయనంలో రెండు మూతపెట్టిన గిన్నెలు ఉంచి, ఒకదానివైపు వేలు చూపారు. సుమారు సగం కుక్కలు భయంతో దగ్గరికే రాలేదు. వచ్చినవాటిలో దాదాపు 80 శాతం వేలు చూపిన గిన్నె దగ్గరికే వెళ్లాయి. వాటికి ఎవరూ శిక్షణ ఇవ్వలేదు. అయినా మన చేతి సైగను చదవగలిగాయి. దగ్గరికి రాని ఆ సగం కూడా మన గురించి ఏదో చెబుతోందని నా నమ్మకం.

పెంపుడు కుక్కల విషయంలోనూ మన ఊహలే రాజ్యమేలుతున్నాయి. చెప్పు కొరికిన కుక్క తల దించుకుంటే తప్పు తెలిసి సిగ్గుపడిందంటాం. పరిశోధకురాలు అలెగ్జాండ్రా హోరోవిట్జ్ 2009లో దీన్ని పరీక్షించింది. యజమాని తిట్టినప్పుడు, ఏ తప్పూ చేయని కుక్క కూడా ఆ 'తప్పు చేసిన మొహమే' పెట్టింది. అది నేరం ఒప్పుకోవడం కాదు, మన గొంతుకూ మన చూపుకూ బెదరడం. జంతువు తల ఊపితే దైవాజ్ఞ అనుకునే మనకు బెర్లిన్‌లో 'తెలివైన హాన్స్' అనే గుర్రం కథ కూడా తెలియాలి. అది డెక్కతో తట్టి లెక్కలు చెబుతుందని జనం విరగబడ్డారు. 1907లో పరిశోధకుడు ఆస్కర్ ప్ఫుంగ్స్ట్ గుట్టు విప్పాడు: సరైన అంకె రాగానే ఎదుటి మనిషి తనకు తెలియకుండానే తల కొద్దిగా కదిపేవాడు, గుర్రం ఆగిపోయేది. అడిగేవాడికి జవాబు తెలియకపోతే గుర్రానికీ తెలిసేది కాదు.

మొరిగే కుక్క కరవదన్న సామెతను పిల్లలకు నేర్పడం ఇక మానాలి. మొరిగే కుక్క కరుస్తుంది, మొరగని కుక్కా కరుస్తుంది. తోక ఊపితే ప్రేమే అనుకోవడమూ తప్పే. ఒళ్లు బిగబట్టి, తోక నిటారుగా నిలిపి గబగబా ఊపే కుక్క దగ్గరికి వెళ్లకూడదు. ఒళ్లు మెత్తగా, నడుముతో సహా ఊగుతుంటే అది వేరే సంగతి. కళ్లలో తెలుపు కనిపించడం, మాటిమాటికీ మూతి నాక్కోవడం, మొహం పక్కకు తిప్పుకోవడం, అలసట లేకున్నా ఆవలించడం — ఇవి చాలాసార్లు "నన్ను వదిలెయ్" అనే సైగలు. పిల్లలు కుక్క మెడను వాటేసుకుంటారు, మొహంలో మొహం పెడతారు, తింటుంటే గిన్నె లాగుతారు. కుక్కకు అవన్నీ బెదిరింపులే. ఎదురైన కుక్క కళ్లలోకి తేరి చూడకుండా, పరుగెత్తకుండా, చేతులు ఒంటికి ఆనించి కదలకుండా నిలబడటం నేర్పితే చాలా కాట్లు తప్పుతాయి.

అన్ని కాట్లూ తప్పవు. 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ అంబర్‌పేటలో, మే నెలలో కాజీపేటలో చిన్నపిల్లలను వీధి కుక్కలు చంపేశాయి. గుంపు మీదపడినప్పుడు పిల్లవాడు ఎలా నిలబడ్డాడని అడగడం అమానుషం. అక్కడ జవాబు చెప్పాల్సింది కుక్కలకు కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు, టీకాలు వేయించాల్సిన పాలకులు, వీధిలో మాంసం వ్యర్థాలు పోయనిచ్చిన వ్యవస్థ. 2024 ఫిబ్రవరిలో మహబూబ్‌నగర్ జిల్లా పొన్నకల్‌లో రాత్రిపూట చేసినట్టు కుక్కలను తుపాకీతో కాల్చి చంపడం ఆ జవాబు కాదు.

మనిషికీ కుక్కకూ మధ్య ఈ తగవు మహాభారతం ఆదిపర్వంలోనే ఉంది. సరమ అనే దేవశునకం బిడ్డను ఏ తప్పూ లేకుండా జనమేజయుడి తమ్ముళ్లు కొట్టారు. యాగద్రవ్యాన్ని ముట్టలేదు, కన్నెత్తి చూడలేదు, ఎందుకు కొట్టారని సరమ వచ్చి అడిగింది, జవాబు రాక శపించింది. శాపాల మీద నాకు నమ్మకం లేదు. ఆ ప్రశ్న మాత్రం నేటికీ నిలిచే ఉంది.

నమ్మకం నిజంగా ప్రాణం తీసేది కాటు తర్వాతే. పసరు పోయడం, సున్నం, కారం అద్దడం, మంత్రం వేయించి తాయెత్తు కట్టించడం — వీటితో గడిచిపోయే రోజులు రేబిస్ వైరస్‌కు దొరికే రోజులు. కరిచిన కుక్కల్లో చాలావాటికి రేబిస్ ఉండదు. అందుకే మంత్రగాడి దగ్గరికి వెళ్లినవాళ్లలో ఎక్కువమంది బతుకుతారు, ఆ పేరు మంత్రానికి పోతుంది. బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులన్న భయం ఇప్పుడు అక్కర్లేదు, ఆ పాత మందు మన దేశంలో ఏనాడో ఆగిపోయింది. కుక్క పన్ను దిగినా, గీరినా, పుండు మీద నాకినా సబ్బు, పారే నీళ్లతో పదిహేను నిమిషాలు కడగండి. అదేరోజు ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లి టీకా మొదలుపెట్టండి, డాక్టరు రాసిచ్చిన తేదీల్లో ఒక్కటీ తప్పించకండి. చర్మం తెగి రక్తం వచ్చినా, పుండు మీద నాకినా ఇమ్యునోగ్లోబులిన్ కూడా అడగండి. నీళ్లను చూసి బెదిరే దశ వచ్చాక రేబిస్‌కు మందు లేదు.